హాండీకాప్: గోల్ఫు క్రీడలో ఒక మాట, దాని అర్థం

ఇంగ్లీషు నుండి మన వాడుకలోనికి వచ్చి, దాదాపు మన మాటయే అయిపోయిన పదాలలో ‘హాండీకాప్’ ఒకటి. ఒక యువకుడు ఉద్యోగానికై పరాయి రాష్ట్రానికి వెళ్ళినాడనుకోండి. “అక్కడి భాష రాకపోవడం అతనికి పెద్ద హాండీకాప్” అంటాము. లోటు, అవరోధం, వెనుకకు లాగే బరువు అని మన మనస్సులో ఉన్న అర్థం. అయితే గోల్ఫు ఆడే ఇద్దరు మొదటిసారి కలుసుకున్నప్పుడు ఒకరినొకరు సర్వసాధారణంగా అడిగే ప్రశ్న “మీ హాండీకాప్ ఎంత?” అన్నది. అడిగినవారిది అమర్యాద కాదు, చెప్పేవారికి చిన్నతనమూ లేదు. ఒకరు “ఏడు” అంటారు. మరొకరు “ఇరవై రెండు” అంటారు. ఆ వెంటనే ఇద్దరూ కలిసి సరదాగా ఆటకు బయలుదేరుతారు.

లోటు అనే అర్థమే నిజమైతే, దానిని అంకెలలో చెప్పడం ఎట్లా? చెప్పుకొని సంతోషించడం ఎందుకు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకితే ఒక్క క్రీడాపదం మాత్రమే కాక, సమానులు కానివారి మధ్య న్యాయమైన పోటీ ఎట్లా ఏర్పరచవచ్చునో కూడా తెలుస్తుంది.

ముందు ఆట సంగతి క్లుప్తంగా చెప్పుకొందాము. పూర్తి గోల్ఫు మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంటకు దూరంగా ఆట మొదలుపెట్టే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ నుండి చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుకుంటూ పోయి గుంటలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బలలో వేస్తే అంత గొప్ప. ప్రతి గుంటకు, నిపుణుడైన ఆటగాడు తీసుకోదగిన దెబ్బల సంఖ్య ఒకటి నిర్ణయించి ఉంటుంది. దానిని ‘పార్’ అంటారు. సామాన్యంగా అది మూడో, నాలుగో, అయిదో అయి ఉంటుంది. పద్దెనిమిదింటినీ కూడితే చాలా మైదానాలలో మొత్తం పార్ 70 మొదలు 72 వరకు వస్తుంది.

ఇక్కడే చిక్కు. ఇరవై యేళ్ళుగా ఆడుతున్నవాడు 76 దెబ్బలలో ముగిస్తాడు. రెండేళ్ళ క్రితం మొదలుపెట్టినవాడికి 95 కావలసివస్తుంది. వీరిద్దరూ పోటీపడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. గెలిచేవానికి గెలుపులో రుచి లేదు. ఓడేవానికి ఆటలో ఆశ లేదు.

ఈ చిక్కు గోల్ఫుకే పరిమితమైనది కాదు. పెద్దచిన్నలు కలిసి ఆడే ప్రతి ఆటలోను ఉన్నదే. మన పిల్లలు దీనికి తమకు తోచిన ఉపాయం ఎప్పుడో కనిపెట్టినారు. చిన్న తమ్ముడు తానూ ఆడతానని ఏడిస్తే, వాడిని ‘ఆటలో అరటిపండు’ చేస్తారు. వాడు అందరితోపాటు పరుగెత్తుతాడు, కేకలు వేస్తాడు. కాని వాడు దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్క లేదు. ఇది ఆదరమే కాని సమానత్వం కాదు. మన పల్లెలలో ఎడ్ల బండలాగుడు పందెములు జరిపే పెద్దలది మరొక పద్ధతి. వారు ఎడ్లను పళ్ళను బట్టి వర్గాలు చేస్తారు. పాలపళ్ళవి ఒక వర్గం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి ఒకటి. ఈడైనవి ఈడైనవాటితోనే లాగుతాయి. ఇది న్యాయమే. కాని ఇందులో చిన్నవీ పెద్దవీ ఎన్నడూ ఒక బరిలో నిలబడవు.

హాండీకాప్ మూడవ మార్గం. బలవంతుడూ బలహీనుడూ ఒకే బరిలో నిలబడాలి. ఇద్దరి ఆటా లెక్కకు రావాలి. ఇద్దరికీ గెలిచే అవకాశం ఉండాలి. అందుకు ఇద్దరి మధ్య ఉన్న తేడాను ముందుగానే కొలిచి, అంతమేరకు లెక్కను సరిచేస్తారు. ఆ సరిచేసే సంఖ్యకే గోల్ఫులో హాండీకాప్ అని పేరు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. రావుగారి హాండీకాప్ 4. మూర్తిగారిది 20. ఒకనాడు రావుగారు 78 దెబ్బలలో ఆట ముగించినారు. మూర్తిగారు 93లో ముగించినారు. మొత్తం దెబ్బలలో నుండి ఎవరి హాండీకాప్‌ను వారికి తీసివేయాలి. అప్పుడు రావుగారి నికరం 74, మూర్తిగారిది 73. ఆనాటి గెలుపు మూర్తిగారిది. ఇది దయతో ఇచ్చిన గెలుపు కాదు. తన శక్తికి తగినట్టు ఆడడంలో ఆనాడు మూర్తిగారు రావుగారి కన్న ఒక దెబ్బ మెరుగు అని దీని భావం.

గుంట గుంటకు గెలుపోటములు లెక్కించే పద్ధతి మరొకటి ఉన్నది. అందులో ఇద్దరి హాండీకాప్‌ల తేడా చూస్తారు. పై ఉదాహరణలో అది 16. మైదానం కార్డు మీద ప్రతి గుంటకు ఒకటి మొదలు పద్దెనిమిది వరకు వరుస సంఖ్య అచ్చువేసి ఉంటుంది. దెబ్బ ఎక్కడ ఇవ్వడం ఎక్కువ అవసరమో ఆ గుంటకు ఒకటి, అన్నింటికన్న తక్కువ అవసరమైన దానికి పద్దెనిమిది. మూర్తిగారికి ఒకటి నుండి పదహారు వరకు సంఖ్య గల గుంటలలో ఒక్కొక్క దెబ్బ మినహాయింపు. అటువంటి గుంటలో రావుగారు నాలుగింటిలోను, మూర్తిగారు అయిదింటిలోను వేస్తే ఆ గుంట సరిసమానం. మిగిలిన రెండు గుంటలలో మినహాయింపు ఏమీ లేదు. పోటీ రకాన్ని బట్టి హాండీకాప్‌లో కొంత తగ్గించి ఇచ్చే ఏర్పాట్లు కూడా ఉన్నవి. అయితే మూలసూత్రం ఇదే.

ఇక మాట పుట్టుక సంగతి. దీనికి గోల్ఫుతో ఏమీ సంబంధం లేదు. పూర్వం ఇంగ్లండులో వస్తువులు మార్చుకొనే సరదా ఆట ఒకటి ఉండేది. 14వ శతాబ్ది నాటి ఇంగ్లీషు కావ్యం ‘పియర్స్ ప్లౌమన్’లోనే ‘కొత్త సంత’ అనే పేరుతో ఇటువంటి మారకం ఒకటి వర్ణింపబడినది. తరువాత ఈ ఆటకు ‘హాండ్ ఇన్ కాప్’, అనగా ‘టోపీలో చేయి’ అని పేరు వచ్చినది. దినచర్య వ్రాసి ప్రసిద్ధుడైన శామ్యూల్ పీప్స్ 1660లో లండను పానశాల ఒకదానిలో ఈ ఆటను మొదటిసారి ఆడి, బాగున్నదని వ్రాసుకొన్నాడు.

ఆ ఆట తీరు ఇట్లా ఉండేది. ఒకని దగ్గర మంచి కోటు ఉన్నది, మరొకని దగ్గర గడియారం ఉన్నది. మార్చుకోవాలని ఇద్దరికీ ఆశ. కాని విలువలు సమానం కావు. అందుకు మూడవవానిని మధ్యవర్తిగా పెట్టుకొంటారు. ముగ్గురూ కొంత పందెం సొమ్ము ఒడ్డుతారు. మధ్యవర్తి రెండు వస్తువులనూ పరిశీలించి, తక్కువ విలువ గలవాడు ఇంత సొమ్ము కలిపి ఇవ్వాలని చెబుతాడు. అప్పుడు వస్తువుల యజమానులిద్దరూ టోపీలో చేతులు పెట్టి ఒక్కసారిగా బయటికి తీస్తారు. ఆ చేతులనుబట్టి బేరానికి ఎవరు సమ్మతించినదీ, ఎవరు కాదన్నదీ తెలుస్తుంది. చేతులు దాగి ఉండడంవలన ఒకరి సంగతి మరొకరికి ముందుగా తెలియదు.

ఇందులో నేర్పు అంతా పందెం సొమ్ము పంపకంలో ఉన్నది. ఇద్దరూ ఒప్పుకొన్నా, ఇద్దరూ కాదన్నా ఆ సొమ్ము మధ్యవర్తికి చెందుతుంది. ఒకడు ఒప్పుకొని మరొకడు కాదంటే, ఒప్పుకొన్నవానికి చెందుతుంది. కనుక మధ్యవర్తి పక్షపాతం వహిస్తే అతనికే నష్టం. ఒకవైపుకు మొగ్గిన తీర్పు చెబితే, లాభపడేవాడు ఒప్పుకొంటాడు, నష్టపడేవాడు కాదంటాడు. మధ్యవర్తికి చేతికి ఏమీ రాదు. ఇద్దరికీ ఒకేవిధంగా తోచే తీర్పు చెప్పగలిగితేనే అతనికి లాభం. తీర్పరి న్యాయబుద్ధిని అతని మంచితనానికే వదలిపెట్టక, అతని స్వలాభంతో ముడివేసిన ఏర్పాటు ఇది.

18వ శతాబ్దిలో ఈ పద్ధతి గుఱ్ఱపు పందెములలో ప్రవేశించినది. రెండు గుఱ్ఱములలో మేలైనది ఎంత అదనపు బరువు మోయాలో మధ్యవర్తి చెప్పేవాడు. యజమానులు టోపీలో చేతులు పెట్టి తమ సమ్మతిని తెలిపేవారు. క్రమంగా టోపీ పోయినది, పేరు మిగిలినది. అనేక గుఱ్ఱములు పాల్గొనే పెద్ద పందెములకు కూడా, దేనికి ఎంత బరువు అని నిర్ణయించే అధికారి ఒకడు ఏర్పడినాడు. అన్ని గుఱ్ఱములూ ఒక్క క్షణంలో గీత దాటాలన్నది ఆ అధికారికి ఆదర్శం. నేటికీ గుఱ్ఱపు పందెములలో హాండీకాప్ పందెములు ఒక ముఖ్యమైన తెగ.

ఇక్కడ ఒక విశేషం గమనించవలసి ఉన్నది. గుఱ్ఱపు పందెములో హాండీకాప్ బరువు పడేది బలవంతమైన గుఱ్ఱం మీద. బలహీనమైనదాని మీద కాదు. ఎక్కువ బరువు మోయడం ఆ గుఱ్ఱం గొప్పతనానికి గుర్తు. లోటు అనే అర్థం మొదట్లో ఈ మాటకు లేనేలేదు.

స్కాట్లండు, ఇంగ్లండులలోని గోల్ఫు ఆటగాండ్రు ఈ మాటను 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో గుఱ్ఱపు పందెముల నుండే అరువు తెచ్చుకొన్నారు. అంతకు ముందు కూడా వారిలో మినహాయింపులు ఇచ్చుకొనే అలవాటు ఉన్నది. మూడు గుంటలకు ఒక దెబ్బ ఇవ్వడాన్ని ‘మూడవ వంతు’ అనీ, రెండింటికి ఒకటి ఇవ్వడాన్ని ‘సగం’ అనీ చెప్పుకొనేవారు. అవన్నీ ఆడేవారు తమలో తాము కుదుర్చుకొన్న బేరాలు. సంఘాలు పెరిగి, ముఖపరిచయం లేనివారు పోటీలకు వచ్చినకొద్దీ, బేరానికి బదులు లెక్క అవసరమయినది. 1893లో బ్రిటనులో స్థాపింపబడిన స్త్రీల గోల్ఫు సంఘం, వేర్వేరు క్లబ్బుల సభ్యులకు ఒకే తీరున హాండీకాప్ ఇచ్చే పద్ధతిని మొట్టమొదట నెలకొల్పినవారిలో ఒకటి.

హాండీకాప్‌తో పాటు వినవచ్చే మరొక మాట ‘స్క్రాచ్’. పరుగు పందెములలో నేలమీద గీసిన బయలుదేరు గీతకు ఆ పేరు. బలహీనులను గీతకు కొంత ముందు నిలబెట్టి, ఏ మినహాయింపూ లేనివానిని గీతమీదనే నిలబెట్టేవారు. అందుచేత సున్న హాండీకాప్ గల గోల్ఫు ఆటగాడు ‘స్క్రాచ్’ ఆటగాడు. అతనికంటె మేటి అయినవారు కొందరు ఉంటారు. వారి సంఖ్యకు ముందు ‘ప్లస్’ అని చేర్చుతారు. ప్లస్ రెండు అన్నవాడు తన లెక్కకు రెండు దెబ్బలు కలుపుకోవాలి. అనగా అతడు మైదానానికి బాకీ పడినవాడన్నమాట!

ఈ సంఖ్యను ఎట్లా లెక్కిస్తారు? చాలాకాలం ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క పద్ధతి ఉండేది. అమెరికా, బ్రిటను–ఐర్లండు, యూరపు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనా సంఘాల ఆరు ప్రధాన పద్ధతులను కలిపి, ‘ఆర్ అండ్ ఏ’ సంస్థ, అమెరికా గోల్ఫు సంఘం రూపొందించిన ప్రపంచ పద్ధతి 2020 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం స్త్రీపురుషులందరికీ గరిష్ఠ హాండీకాప్ 54. కొత్తవారు మొత్తం 54 గుంటలకు సరిపడే కార్డులు ఇస్తే చాలు, వారికి ఒక సంఖ్య లభిస్తుంది.

అన్ని మైదానాలూ ఒకే కష్టం కావు గదా! అందుకు ప్రతి మైదానానికి రెండు సంఖ్యలు నిర్ణయిస్తారు. మొదటిది, స్క్రాచ్ ఆటగాడు అక్కడ ఎన్ని దెబ్బలు తీసుకొనవచ్చునో చెప్పేది. రెండవది ‘స్లోప్’. మేటివానితో పోల్చినప్పుడు సామాన్యునికి ఆ మైదానం ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. ఇది 55 మొదలు 155 వరకు ఉండవచ్చును. 113ను ప్రమాణంగా తీసుకొంటారు. మొదటి సంఖ్య 71.2, స్లోప్ 125 ఉన్న చోట ఒకరు 95 దెబ్బలు కొట్టినారనుకొందాము. 95 నుండి 71.2 తీసివేస్తే 23.8. దానిని 113తో హెచ్చించి 125తో భాగిస్తే 21.5. ఆనాటి ఆటకు అది విలువ. ఆనాడు గాలివాన వంటి విపరీత పరిస్థితులున్నచో వాటికై చిన్న సవరణ కూడా చేస్తారు. ఇట్లా చివరి ఇరవై ఆటల విలువలు వ్రాసి, వాటిలో మంచివి ఎనిమిదింటిని ఎంచి, వాటి సగటు తీస్తే హాండీకాప్ సూచిక వస్తుంది. 20 సూచిక గలవాడు పైన చెప్పిన మైదానంలో, అక్కడి పార్ 72 అయితే, 21 దెబ్బల మినహాయింపు పొందుతాడు. స్లోప్ 100, మొదటి సంఖ్య 68.5, పార్ 70 గల సులభమైన మైదానంలో అతనికి లభించేవి 16 మాత్రమే. మనిషి ఒక్కడే. దారిని బట్టి అతనికి కావలసిన ఆసరా మారుతుంది.

ఇరవైలో ఎనిమిదే ఎందుకు? హాండీకాప్ మన సగటు ఆటను కొలిచేది కాదు. మనకు చేతనయిన మంచి ఆటను కొలిచేది. అందుచేత సామాన్యుడు తన హాండీకాప్‌కు తగినట్టు ఆడే రోజులు తక్కువ, దానికన్న వెనుకబడే రోజులే ఎక్కువ. ఇది తెలియక చాలమంది నిరుత్సాహపడతారు. ఏదో ఒక గుంటలో బంతి చెట్లలో పడి పది పన్నెండు దెబ్బలు అయినా, హాండీకాప్ లెక్కకు అంతా తీసుకోరు. పార్‌కు రెండు కలిపి, అక్కడ అతనికి రావలసిన మినహాయింపు కూడా కలిపి, అంతటితో ఆపివేస్తారు. ఒక్క దురదృష్టం మనిషి శక్తికి కొలత కారాదని దీని ఉద్దేశం.

అయితే ఈ ఏర్పాటంతా ఆటగాని నిజాయితీ మీద నిలబడి ఉన్నది. కార్డు మీద అంకెలు వేసేది ఆడేవారే. పోటీలో కొన్ని దెబ్బలు మినహాయింపు సంపాదించుకోవడానికై ఇతర దినములలో కావాలని చెడుగా ఆడి, హాండీకాప్ పెంచుకొనేవారు లేకపోలేదు. ఇంగ్లీషులో వారిని ‘శాండ్‌బాగర్’ అంటారు. ఇసుక నింపిన సంచితో వెనుక నుండి కొట్టి దోచుకొనే దొంగకు అది పేరు. దీనికి విరుద్ధమైన బలహీనత కూడా ఉన్నది. చెడు ఆటల కార్డులను దాచివేసి, గొప్పకోసం హాండీకాప్ తక్కువగా చూపుకొనేవారు ఉంటారు. మొదటివాడు ఇతరులను మోసగిస్తాడు. రెండవవాడు తన్ను తానే మోసగించుకొని పోటీలలో ఓడిపోతాడు.

వీటికి విరుగుళ్ళు నియమాలలోనే ఉన్నవి. సంవత్సరకాలంలో తనకున్న అతి తక్కువ సూచిక కన్న మూడు మించి పెరిగినచో, ఆపైన పెరుగుదలలో సగమే లెక్కకు వస్తుంది. అయిదుకు మించి పెరగనే పెరగదు. తన సూచిక కన్న ఏడు దెబ్బలు మించిన మేలైన ఆట ఆడితే, సూచికను వెంటనే తగ్గిస్తారు. క్లబ్బు సంఘం తోటి సభ్యుల అభిప్రాయమూ తెలుసుకొని సరిదిద్దవచ్చును. టోపీ ఆటలో మధ్యవర్తి చేసిన పని నేడు లెక్కలూ తోటివారి కళ్ళూ కలిసి చేస్తున్నవి.

పెద్ద పెద్ద వృత్తి పోటీలలో హాండీకాప్ ఉండదు. అక్కడ ఎవరి దెబ్బలు వారివే. ప్రపంచంలో ఎవరు మేటి అన్నది అక్కడి ప్రశ్న. క్లబ్బులో ఆడుకొనే లక్షలాది సామాన్యుల ప్రశ్న అది కాదు. 1829లో స్థాపింపబడిన కలకత్తా క్లబ్బులో కాని, గోల్కొండ కోట ప్రక్క మైదానంలో కాని, తాతా మనుమడూ, ఉద్యోగీ అతని పై అధికారీ, గృహిణీ ఆమె భర్తా ఒకే పోటీలో పాల్గొనగలుగుతున్నారంటే ఈ సంఖ్యయే కారణం.

చివరకు మాట బజారుకెక్కి ఏమయినదో చెప్పవలసి ఉన్నది. పందెపు గుఱ్ఱం మీది బరువు క్రమంగా ఏ బరువుకైనా, ఏ అడ్డంకికైనా పేరయినది. 20వ శతాబ్ది ఆరంభంలో శరీర వైకల్యం గలవారి విషయంలో ఈ మాటను వాడనారంభించినారు. మన కార్యాలయాలలోను, రైలు పెట్టెల మీద కూడా అది చాలాకాలం నిలిచినది. వికలాంగులు టోపీ చేతపట్టి యాచించడంవలన ఈ మాట పుట్టినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది నిరాధారం. ఆ ప్రయోగానికి వందల యేళ్ళకు పూర్వమే మారకపు ఆటలో మాట ఉన్నదని మనం చూచినాము. అయినా, మనుష్యులను ఆ పేరుతో పిలవడం చిన్నబుచ్చడమని గుర్తించి, వాడుక మార్చుకొన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి తన వర్గీకరణలో ఈ మాటను విడిచిపెట్టినది. మన దేశంలో 1995, 2016 చట్టములు రెండూ ఈ పదాన్ని తమ పేర్లలో వాడలేదు.

కనుక ఈ మాటను మనుష్యులకు తగిలించక, ఆటకు వదలిపెట్టడం మేలు. గోల్ఫులో మాత్రం దానికి పాత గౌరవం చెక్కుచెదరలేదు. అక్కడ ‘హాండీకాప్ ఇరవై’ అంటే ఇరవై లోపాలు గలవాడని అర్థం కాదు. మేటి ఆటగానితో సరిసమానంగా నిలబడడానికి ఇతనికి ఇరవై దెబ్బల ఆసరా న్యాయంగా రావలసి ఉన్నదని అర్థం. ఆ ఆసరాతో అతడు గెలిస్తే ఆ గెలుపు పూర్తిగా అతనిదే. అతడు ఆటలో అరటిపండు కాడు.